అంగుళమున్నర

గాజు మీద గీత గీసి, బల్ల అంచుకి ఆనించి, ముస్తాక్ రెండు బొటనవేళ్ళతో నొక్కాడు. టక్కున రెండైంది. పనికొచ్చే ముక్కని గుడ్డతో తుడిచి ఫ్రేములో కూర్చోబెట్టాడు. వెనక అట్ట పెట్టి, మేకు కోసం చెయ్యి నోటి దగ్గరికి తీసుకెళ్ళి ఆగాడు. రంజాన్ నెలలో మేకులు నోట్లో పెట్టుకోడు, డబ్బా మూతలో పోసుకుంటాడు. అయినా నలభై ఏళ్ళ అలవాటు. చెయ్యి ముందు నోటికే పోతుంది, తరవాత సిగ్గుపడి మూతలోకి దిగుతుంది.

ఫ్రేములో ఎవరో పెద్దాయన. నరసరావుపేట దగ్గర ఊరు. రేపు పెద్దకర్మ. పొద్దుటి నుంచి ఇది మూడో ఫ్రేము, మూడూ పోయినవాళ్ళవే. పెళ్ళి ఫొటోలకి ఆల్బములొచ్చాయి, దేవుళ్ళు ఫ్రేములతో సహా ఫ్యాక్టరీల నుంచే దిగుతున్నారు. బతికున్న మనుషులు ఫోన్లలో ఉంటున్నారు, పోయాక మాత్రం ముస్తాక్ బల్ల మీదికి రాక తప్పడం లేదు. వాళ్ళని చూసి జాలిపడటం ఎప్పుడో మానేశాడు. కొలత చూస్తాడు, గాజు కోస్తాడు, దండ తగిలించడానికి పైన రెండు కొక్కేలు కొడతాడు.

పట్నంబజారు వెనక సందులో ఆరడుగుల వెడల్పు షాపు. వాళ్ళ నాన్న పెట్టింది. బోర్డు మీద అక్షరాలు చెరిగిపోయి ఇరవై ఏళ్ళయింది. మళ్ళీ రాయించలేదు. తెలిసినవాళ్ళు బోర్డు చూసి రారు, తెలియనివాళ్ళు అసలే రారు. అరవై దాటిన ముస్తాక్ నిలబడ్డా బల్ల మీదికి వంగినట్టే ఉంటాడు. వేళ్ళ మీద పాత గాజు గాట్లు తెల్లటి గీతల్లా మిగిలిపోయాయి. మిర్చి టిక్కీల బస్తాలు వేసుకుని కోల్డు స్టోరేజీకి పోయే ఆటోలు దగ్గరి దారని ఆ సందు మొదట్లోంచే పోతాయి. ఆ ఘాటు గుంటూరులో పుట్టినవాడికి కొత్త కాదు కాని, గుక్కెడు నీళ్ళు తాగే వీలు లేని రోజున గొంతులో దిగి అక్కడే కూర్చుంటుంది. ఇంకా పదిన్నర కూడా కాలేదు.

"బాబాయ్!"

జయరావు మాస్టారి కూతురు స్తుతి. పాత దుప్పట్లో చుట్టిన పటాన్ని రెండు చేతుల మీద మోసుకొచ్చింది. తనూ టీచరే. ఇవాళ బడికి పోలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. జుట్టు కూడా సరిగ్గా దువ్వుకోలేదు.

"గాజు పగిలింది. చూస్తానంటే నాన్న చేతికిచ్చాను. మంచం మీంచి జారింది. సాయంత్రానికి కావాలంటున్నారు."

"ఎట్లా ఉన్నారమ్మా?"

"ఆస్పత్రిలో ఇంటికి తీసుకుపొమ్మన్నారు మొన్న. మాట తెలుస్తానే ఉంది. అన్నమే లేదు." పటాన్ని బల్ల అంచుకి ఆనించింది. "రేపు చేస్తాననకండి బాబాయ్."

"అంటానా తల్లీ. పెట్టి వెళ్ళు."

వెళ్ళబోయి మళ్ళీ వెనక్కి వచ్చి సంచీలోంచి భూతద్దం తీసింది. ఇత్తడి పిడి, అరచెయ్యంత అద్దం. మాస్టారి చేతిలో ముస్తాక్ వందసార్లు చూసిన వస్తువు.

"ఇది కూడా ఇమ్మన్నారు. ముస్తాకు కళ్ళు కూడా మసకబారుంటాయి, పనికొస్తుందిలే అన్నారు."

ఆమె వెళ్ళాక ముస్తాక్ దుప్పటి విప్పలేదు. పటాన్ని అట్లాగే గోడకి ఆనించి నాలుగో ఫ్రేము అందుకున్నాడు. అది అంత తొందర పనేమీ కాదు. అయినా చేశాడు. అయిదోది కూడా చేశాడు. మధ్యమధ్యలో దుప్పటి వైపు చూస్తూ, చూడనట్టు తనకి తనే నటిస్తూ, పన్నెండున్నర దాకా లాక్కొచ్చాడు. నమాజుకి వెళ్ళి వచ్చాక ఇక చెయ్యడానికి వేరే పని మిగల్లేదు.

ఆ పటం ఒక ఊరేగింపు. నూటయాభై ఏళ్ళ కిందట ఏ దేశంలోనో ఎవరో రాగిరేకు మీద సూదితో గీసి, రేకుని ఆమ్లంలో ముంచి, సిరా పూసి, తడి కాగితం మీద ఒత్తి తీసిన బొమ్మ. మాస్టారు పనిచేసిన మిషన్ బళ్ళో పెద్ద దొరసాని ఉండేది. తన దేశం వెళ్ళిపోతూ సామానంతా పంచిపెట్టి, ఇది డ్రాయింగు మాస్టారికిచ్చింది. అందులో వీపుల మీద చెక్కకోటలు మోసే ఏనుగులున్నాయి. రథానికి రెక్కల సింహాలు కట్టి ఉన్నాయి. మేకకాళ్ళ మనుషులు కొమ్ముబూరలు ఊదుతుంటారు, మరుగుజ్జు ఒకడు ఉష్ట్రపక్షి మీద ఎక్కి ఉంటాడు. ఇంత హడావుడి మధ్యలో గొడుగు కింద రాజు నిద్రపోతుంటాడు. మొదటిసారి చూసినప్పుడు ముస్తాక్‌కి పీర్ల పండగ గుర్తొచ్చింది. కాకపోతే పీర్ల పండగలో ఏనుగులుండవు. "ఇది ఎక్కడా జరగలేదు ముస్తాకూ," అనేవారు మాస్టారు. "గీసినాయన బుర్రలో జరిగింది. అందుకే ఇంకా నడుస్తానే ఉంది."

అప్పటికి ముస్తాక్‌కి పందొమ్మిది. నాన్నకి పక్షవాతం వచ్చి షాపు ఇతని మీద పడి నాలుగు నెలలు. పెళ్ళిళ్ళ రోజులు. మాస్టారు తెచ్చినప్పుడు ఆ బొమ్మ చెదపట్టిన పాత ఫ్రేములో ఉంది, చుట్టూ వెడల్పాటి అట్ట కప్పి ఉంది. ఫ్రేము విప్పి అట్ట తీస్తే కాగితం అనుకున్నదానికన్నా పొడుగొచ్చింది. తయారుగా ఉన్న ఫ్రేములో పట్టడం లేదు. కొత్తది కట్టాలంటే రెండు రోజులు, మాస్టారు రేపే వస్తానన్నారు. ఆ సందులో ఫ్రేములు కట్టే ఎవడైనా ఏం చేస్తాడో ఇతనూ అదే చేశాడు. ఫ్రేముని బట్టి బొమ్మ. క్యాలెండరు లక్ష్మీదేవి పక్కన ఏనుగు తొండం పోయినా, మక్కా పటంలో మినారు సగం తెగినా అడిగినవాడు లేడు. స్కేలు పెట్టి ఎడమ పక్క అంగుళమున్నర లాగించేశాడు. కింద పడిన ముక్కని తీసి చూసింది ఆ తరవాతే.

ముక్క మీద ఒక మనిషి ఉన్నాడు. ఊరేగింపంతటికీ చివరివాడు. దారి పక్కన రాయి మీద కూర్చుని ఉన్నాడు. చెప్పులు లేవు. మోస్తున్న మూటని దించి పక్కన పెట్టాడు. ఒక చెయ్యి మోకాలి మీద ఉంది, చూపు పాదం మీద ఉంది. ఏడవడం లేదు, ఎవరినీ పిలవడం లేదు. అలిసిపోయాడు, అంతే. అంత గొప్ప ఊరేగింపులో ముస్తాక్‌కి తెలిసిన మొహం అదొక్కటే.

మర్నాడు మాస్టారు వచ్చి పటం చూసి మురిసిపోయారు. ఆ పాత అట్ట కింద ఏముందో ఆయన ఎప్పుడూ చూసి ఎరగరు. చాలాసేపు చూసి, "ఈ చివరి బట్టతలాయన చూడు, వెనక్కి తిరిగి నోరు తెరిచి ఎవర్నో పిలుస్తున్నాడే! ఎవర్నంటావ్?" అన్నారు. ముస్తాక్ జేబులో ఆ ముక్క ఉంది. తీసి చూపించి, తప్పైంది మాస్టారూ అంటే అయిపోయేది. భయమేసింది. నాన్న మంచంలో ఉన్నాడు, కొత్తగా షాపు పట్టుకున్నవాడు బొమ్మలు పాడుచేస్తాడని బజారులో పేరొస్తే అంతే సంగతులు. "ఏమో మాస్టారూ," అన్నాడు.

ఆ ఏడే ఏడో తరగతి పిల్లలకి మాస్టారు పటం చూపించి, ఈయన ఎవర్ని పిలుస్తున్నాడో గీయమన్నారు. అది ఆయనకి బాగా నచ్చిపోయింది. ప్రతి ఏడాదీ ఏడో తరగతికి అదే బొమ్మ. రిటైరయ్యాక కూడా సండే స్కూలు పిల్లల చేత వేయించారు. బొమ్మలు చుట్టచుట్టుకుని షాపుకొచ్చి, టీ చెప్పించి, బల్ల మీద పరిచేవారు. ఒకడు పులిని వేశాడు. ఒకడు ఒంగోలు గిత్తని, ముకుతాడు తెంచుకుని పోతున్నట్టు వేశాడు. ప్రత్తి చేనుకి మందు కొట్టే పంపు వీపుకి తగిలించుకున్న వాళ్ళ నాన్నని వేసిన పిల్ల ఉంది. రాజధానికి పొలాలిచ్చిన తుళ్ళూరు నుంచి వచ్చి చేరినవాడు పొలం వేశాడు, ఉత్త పొలం, అందులో మనిషి లేడు. ఒకమ్మాయి కాగితం నిండా ఎరుపు పూసి, "కారం దుమ్ము సార్, ఏం కనపడట్లేదు" అందట. ఆ సంగతి చెప్పి మాస్టారు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. ముస్తాక్ కూడా నవ్వాడు. నవ్విన ప్రతిసారీ లోపల ఎక్కడో ఆ ముక్క గుచ్చుకునేది.

మొదట భయం, తరవాత సిగ్గు. ఆ తరవాత ఇంకో చిక్కొచ్చి పడింది. ఇప్పుడు చెబితే ఆ పిల్లల బొమ్మలన్నీ తప్పయిపోతాయి కదా. ముక్కని మాత్రం పారేయలేదు. బిస్కెట్ల రేకుడబ్బాలో పలచటి కాగితాల మధ్య పెట్టి దాచాడు. ఇల్లు మారినా, కూతుళ్ళ పెళ్ళిళ్ళయినా, కళ్ళకి ఆపరేషనయినా డబ్బా అటకెక్కలేదు. "అదేమన్నా దస్తావేజా, అట్లా దాస్తావు?" అని ఒకసారి భార్య జోహరాబీ అడిగింది. చూపించాడు. ఆమె చాలాసేపు చూసి, "పాపం, కూర్చోనీ," అంది.

ముస్తాక్ దుప్పటి విప్పాడు. గాజు పెంకులు ఏరి, వెనక మేకులు ఒక్కొక్కటే పీకి, నలభై ఏళ్ళ తరవాత కాగితాన్ని బయటికి తీశాడు. సొరుగులోని డబ్బా తెరిచి ముక్క తీసి ఎడమ అంచుకి చేర్చాడు. కోత ఎంత నిటారుగా ఉందో, వెంట్రుకవాసి సందు లేకుండా అతుక్కుంది. ఆ చెయ్యి ఇప్పుడు లేదు, ఇప్పుడు వేలు వణుకుతుంది. వెలుతురు తగిలి పటం గోధుమరంగుకి తిరిగింది, డబ్బాలో ఉన్న ముక్క తెల్లగానే ఉంది. అతుకు దాగదు. దాచాలని కూడా అనిపించలేదు.

మైదా జిగురు పలచగా కలిపి, వెనక పక్క సన్నటి కాగితం పట్టీ అంటించడానికి భూతద్దం తీసుకున్నాడు. గీత గీతకి కలవాలి. బట్టతలాయన చాచిన చేతివేళ్ళు ఈ పక్కన ఉంటే, ఆయన నీడ ఆ పక్కన రాయి దాకా పాకి ఉంది. అద్దాన్ని అంచు వెంబడి జరుపుతుంటే ఒక పల్లపు గీత కనిపించింది. రేకు ఒత్తినప్పుడు కాగితం చుట్టూ పడే నొక్కు. పటానికి పైన ఉంది, కింద ఉంది, కుడి పక్కన ఉంది. ఎడమ పక్క నొక్కు మాత్రం ముక్క మీద ఉంది.

ముస్తాక్ అద్దం దించాడు. ఇదే బల్ల దగ్గర టీ తాగుతూ మాస్టారే చెప్పారు. "రేకు అంచు నాలుగు పక్కలా ఒత్తుకుని ఉంటేనే అసలుది ముస్తాకూ. అది చూడాలి ముందు." చెప్పిన మనిషి తన ఇంట్లో, తన మంచానికెదురుగా ఉన్న పటంలో మూడు పక్కలే చూస్తూ నలభై ఏళ్ళు కూర్చున్నాడా? పెద్దాయన అంత నిదానించి చూసుండరులే అనుకున్నాడు. చూసే ఉంటారని వెంటనే తెలిసింది. ఆయన చూడందంటూ ఏముంది ఈ బొమ్మలో!

అతుకు మీద కాగితం పరిచి, దాని మీద పాత ఇనుప ఇస్త్రీపెట్టె బరువుగా పెట్టాడు. రెండు గంటలైనా ఆరాలి. పాత ఫ్రేము ఇప్పుడు చాలదు. అటక మీద నాన్న నాటి టేకు బద్ద ఒకటుంది, ఎవరికీ కోయకుండా ఉంచింది. అది దించి, మూలలు ఏటవాలుగా కోసి, కొత్త ఫ్రేము కట్టాడు. నడుం పట్టేసింది. నాలిక పిడచకట్టింది. అయినా చాలా రోజుల తరవాత చేస్తున్న పని మీద మనసు నిలిచింది. సాయంత్రం మాస్టారి మంచం దగ్గర కూర్చుని ఏమని మొదలుపెట్టాలో మనసులో కూర్చుకున్నాడు. మాస్టారూ, ఈయన పిలిచేది ఎవర్నో చెప్పనా. అట్లా బాగుంటుంది. ఆయన ముందు నవ్వుతారు, తిడితే ఆ తరవాత తిడతారు.

మూడున్నరకి ఫోను మోగింది.

"బాబాయ్, నాన్న వెళ్ళిపోయారు." స్తుతి గొంతు మామూలుగానే ఉంది, ఏడుపు ఇంకా రాలేదు. "ఇందాకే. నిద్రలోనే. మీకొక ఫొటో పంపిస్తున్నా. రేపు పొద్దునే కార్యక్రమం. సాయంత్రానికి ఫ్రేము..."

"చేస్తానమ్మా," అన్నాడు ముస్తాక్.

ఇస్త్రీపెట్టె వైపు చూశాడు. ఆరకపోతేనేం, తడితోనే ఆటోలో పెట్టుకుని పరిగెత్తి ఉండాల్సింది. పొద్దున పదిన్నరకే విప్పి ఉండాల్సింది. నాలుగో ఫ్రేము, అయిదో ఫ్రేము ఎవరడిగారు? నలభై ఏళ్ళు ఆగినవాడికి చివరి పూట కూడా ఆగడమే చేతనైంది. తన మీద తనకే అసహ్యం వేసింది. కాసేపు స్టూలు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తరవాత లేచాడు, ఎందుకంటే ఫ్రేము కట్టాలి.

ఫొటో ప్రింటు తీసే అంకమ్మరావు ల్యాబు పక్క సందులోనే. అతను తెరమీద బొమ్మ పెద్దది చేసి చూపించాడు. బ్లాకుబోర్డు ముందు కుర్చీలో మాస్టారు, చేతిలో సుద్దముక్క. ఎడమ భుజం మీద ఎవరిదో చెయ్యి, గాజులతో సహా మణికట్టు దాకా.

"ఈ చెయ్యి తీసేస్తా. అప్పుడు పన్నెండు పదిహేను సైజుకి కరెక్టుగా వస్తది."

"తీయొద్దు."

"సైజు మారిపోద్ది ముస్తాక్ భాయ్, ఫ్రేము దొరకదు."

"ఫ్రేము నేను కడతాలే. నువ్వు దేన్నీ కోయమాకు. ఉన్నది ఉన్నట్టు తియ్యి."

అంకమ్మరావు వింతగా చూసి ప్రింటు ఇచ్చాడు. మిగిలిన టేకు బద్దతో, ఏ లెక్కకీ రాని ఆ కొలతకి ముస్తాక్ ఫ్రేము కట్టాడు. పైన రెండు కొక్కేలు కొట్టాడు. ఇవాళ పొద్దుటి నుంచి చేసిన ఫ్రేముల్లో దీనికొక్కదానికే చెయ్యి ఆగింది.

అతికిన పటాన్ని కూడా కొత్త ఫ్రేములో బిగించి, దుప్పట్లో చుట్టుకుని నల్లపాడు రోడ్డులో మాస్టారి ఇంటికి చేరేసరికి పొద్దు వాలింది. వాకిట్లో షామియానా వేస్తున్నారు. చర్చి సంఘం వాళ్ళు పాటల పుస్తకాలు పట్టుకుని వరండాలో చేరారు. హాల్లో ఫ్రీజరు బాక్సులో మాస్టారు తెల్లచొక్కా వేసుకుని ఉన్నారు. అద్దం కింద ఉన్న ఆ మొహాన్ని ముస్తాక్ కొలత చూడకుండా చూశాడు. ఏడుపొచ్చింది. తుడుచుకున్నాడు, మళ్ళీ వచ్చింది.

స్తుతి ఫొటో అందుకుని బాక్సు దగ్గర పెట్టబోయి ఆగిపోయింది.

"అమ్మ చెయ్యి!" అంది. రెబ్కమ్మ పోయి ఆరేళ్ళయింది. "తీసేస్తారేమో అనుకున్నా బాబాయ్. చెప్పడం కూడా మర్చిపోయా." అప్పటిదాకా రాని ఏడుపు ఆమెకి అప్పుడు వచ్చింది.

దూరంగా మసీదు నుంచి అజాన్ వినిపించింది. అంత ఏడుపులోనూ స్తుతి విని, లోపలికి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. "ముందు తాగండి," అంది. మాస్టారి గది గుమ్మం దగ్గర కూర్చుని ముస్తాక్ నీళ్ళు తాగాడు. గొంతులో కారం ఘాటు దిగింది. ఖాళీ గ్లాసు కింద పెట్టి, దుప్పటి విప్పి పటం చూపించాడు.

"ఇది నేనే కోశానమ్మా. అప్పుడు. ఫ్రేములో పట్టలేదని. చెప్పలేదు. ఇవాళ చెబుదామని అతికించా."

స్తుతి కింద కూర్చుని తెల్లటి ముక్క మీద ఆ మనిషిని చాలాసేపు చూసింది.

"నాన్నకి తెలుసు బాబాయ్."

ముస్తాక్ తలెత్తలేదు.

"మూడు పక్కలా నొక్కుంది, నాలుగో పక్క లేదని నాకు చిన్నప్పుడే చూపించారు. ముస్తాక్ బాబాయ్‌ని అడగండి నాన్నా అంటే, 'అడిగితే వాడు నా మొహం చూడలేడు. నేను ఆ షాపు ఎక్కలేను. మరి టీ ఎక్కడ తాగాలి?' అనేవారు. 'వాడే చెప్తాడులే' అనేవారు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పొద్దున గాజు పగిలింది చూడండి, చేతిలోంచి జారిందో, ఆయనే వదిలేశారో నాకు తెలీదు. పగలగానే, 'ముస్తాకు దగ్గరికి తీసుకెళ్ళు, విప్పుతాడు' అన్నారు. అద్దం కూడా గుర్తుపెట్టుకుని ఇచ్చారు."

వరండాలో పాట మొదలైంది. ఎవరో పిలిస్తే స్తుతి కళ్ళు తుడుచుకుని లేచింది. "నాన్న గదిలోనే పెట్టండి బాబాయ్," అని హాల్లోకి వెళ్ళింది.

గదిలో పక్కబట్టలు తీసేసిన నవారు మంచం ఒక్కటే ఉంది. ఎదురుగా గోడకి మేకు ఉంది కాని, పటం ఇప్పుడు పొడుగైంది, కొత్త మేకు కొట్టాలి. ఈ వేళ సుత్తి చప్పుడు బాగోదు. ముస్తాక్ పటాన్ని మంచం మీద వెల్లకిలా పెట్టాడు. గాజు మీద పడిన తన వేలిముద్రల్ని చొక్కా అంచుతో తుడిచాడు. జేబులోంచి భూతద్దం తీసి, స్తుతికి ఇద్దామని గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. దాన్ని పటం మీద ఎడమ చివర పెట్టి, చెప్పులేసుకుని, వాకిట్లో కుర్చీలు వేస్తున్నవాళ్ళ మధ్య నుంచి మెల్లగా రోడ్డు మీదికి నడిచాడు.

ఖాళీ మంచం మీద, ఆ గుండ్రటి అద్దం కింద, మూట దించుకుని రాయి మీద కూర్చున్న మనిషి ఒక్కడే పెద్దగా కనిపిస్తున్నాడు.